గుప్పెడు మెతుకుల మొక్కు

రామకృష్ణ ఫోన్ పెట్టేసి పది నిమిషాలైంది. కింద దుకాణంలో గుత్తివంకాయ పొయ్యి మీద ఉంది. పైన ఇంట్లో మా ముగ్గురిలో ఎవరమూ కదల్లేదు.

రామకృష్ణ మా అక్క అనసూయమ్మ కొడుకు. అక్కకు షుగర్ మళ్లీ పడిపోయిందని చెప్పాడు. మూడు రోజుల్లో ఇది రెండోసారి. మొన్న రహమత్ నగర్‌లో తన ఇంటి మెట్ల మీద పడింది. ఇవాళ ఎర్రగడ్డలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మంచం మీదే కళ్లు తేలేసింది. గ్లూకోజు ఎక్కిస్తే లేస్తోంది, అన్నం పెడితే గుప్పెడు మెతుకులకే నోరు మూస్తోంది. మూడోసారి ఇలా అయితే ప్రాణానికి పూచీ లేదని డాక్టర్ చెప్పాడట.

అక్క అన్నం ఎందుకు తినడం లేదో రామకృష్ణకు తెలుసు. మొక్కు. ఆ మొక్కు ఎక్కడ పుట్టిందో మాత్రం మాకే తెలుసు.

"మామయ్యా, ఇప్పుడన్న చెప్తరా?" అంది వందన.

మా కోడలు గొంతు పెంచదు. హైటెక్ సిటీ కంపెనీలో పదిమందిని నడిపించే పిల్ల. నా కొడుకు కమలాకర్ పొద్దున్నే ఆఫీసుకు వెళ్లిపోయినా, ఈమె సెలవు పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

నేను భూలక్ష్మి వైపు చూశాను. నా భార్య కిటికీ పక్కన స్టీలు గిన్నె పట్టుకుని మెత్తగా మెదిపిన పెసరపప్పు తింటోంది. చిన్న చెంచా నోట్లో పెట్టుకుని, నమిలి, నమిలి, గోడ గడియారం చూసి మింగుతుంది. గిన్నెడు తినడానికి అరగంట. తిన్నాక ఇంకో అరగంట మంచినీళ్లు ముట్టకూడదు. ఆ లెక్కలు నాకు నోటికి వచ్చు.

నాలుగు నెలల క్రితం ఆమె నూట ఎనిమిది కిలోలు. మోకాళ్లు పనికి రాకుండా పోయాయి. నిద్రలో గురక మధ్య ఊపిరి ఆగేది. వందనే డాక్టర్‌ను వెతికి, ధైర్యం చెప్పి ఆపరేషన్ చేయించింది. కడుపు ముప్పావు వంతు కోసి తీసేశారు. మిగిలింది అరటికాయంత గొట్టం. ఇవాళ ఆమె ఎనభై రెండు కిలోలు. మెట్లు పట్టుకోకుండా ఎక్కుతుంది.

ఆపరేషన్ సంగతి ఇంటి గడప దాటకూడదన్నది నేను. నా కారణాలు నాకున్నాయి.

ఫిల్మ్‌నగర్‌లో మా కర్రీ పాయింట్ పన్నెండేళ్లుగా నడుస్తోంది. ఐటీ కంపెనీలు పెరిగేకొద్దీ వండుకోలేని పిల్లలు పెరిగారు, వాళ్లతోపాటే మా దుకాణమూ పెరిగింది. సినిమా ఆఫీసులకు మధ్యాహ్నం క్యారియర్లు మావే. బోర్డు మీద భూలక్ష్మి ఫొటో ఉంటుంది. నిండు మొహం, రెండు గదవలు, చేతిలో గరిటె. తన వంట తాను తినలేక కడుపు కోయించుకున్న మనిషి దగ్గర కూర ఎవరు కొంటారు? దుకాణం పెట్టినవాడు ముందు అడగవలసిన ప్రశ్న అదే, నేను అదే అడిగాను.

రెండో కారణం మా అక్క. షేక్‌పేటలో మా చుట్టాల్లో ఒకామె ఇదే ఆపరేషన్ చేయించుకుంటే, పెళ్లి పందిట్లో అందరి ముందూ, నోరు కట్టుకోలేనిది కడుపు కోయించుకున్నదట అని అక్క నవ్వింది. భూలక్ష్మి ఆ రోజు ఆ పక్క బంతిలోనే ఉంది.

అందుకే ఆస్పత్రి వరండాలోనే మొక్కును తయారు చేశాను. మా ఇంటి దేవుడు మల్లన్న. భూలక్ష్మి మోకాళ్లు బాగు కావాలని మల్లన్నకు మొక్కుకుంది, పూటకు గుప్పెడు మెతుకులే తింటుంది, తినేటప్పుడు నీళ్లు తాగదు, బంతిలో కూర్చోదు. ఒక్క మాటతో అన్నిటికీ జవాబు దొరికింది. చిక్కిపోవడానికీ, జుట్టు రాలడానికీ కూడా అదే జవాబు. గల్లీ ఆడవాళ్లు వచ్చి ఆమెకు బొట్టు పెట్టి పోయేవారు. గిరాకీ తగ్గుతుందనుకుంటే పెరిగింది.

ఒక్కచోట మాత్రం సరిపోలేదు. మొక్కులో ఉన్న మనిషి గుడ్డు తినదు, మాంసం తినదు. ఆపరేషన్ చేసిన జూబ్లీహిల్స్ ఆస్పత్రిలో ఆహారం చీటీ రాసిచ్చే అమ్మాయి మొదటి వరసలోనే గుడ్డు రాసింది. ఇల్లంతా పొద్దస్తమానం వచ్చిపోయేవాళ్లే. భూలక్ష్మి గది తలుపు వేసుకుని గుడ్డు తినేది, వందన పెంకులు కవర్లో కట్టి ఆఫీసుకు పోతూ దారిలో పడేసేది. వారానికి మూడు దొరికితే ఎక్కువ.

వందన లేచి లోపలికి వెళ్లి, దువ్వెన తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టింది. దానికి చుట్టుకున్న వెంట్రుకలు పిడికెడు ఉన్నాయి.

రోజుకు అరవై గ్రాముల మాంసకృత్తులు పోవలసిన ఒంట్లోకి సగం కూడా పోవడం లేదని, మొన్నటి రక్తపరీక్షలో అదే వచ్చిందని చెప్పింది. ఇన్నాళ్లూ ఇది అత్తమ్మ ఒక్కదాని ప్రాణమని ఊరుకున్నానని, ఇప్పుడు ఇద్దరిదైందని అంది. మా అక్క మొక్కు పట్టిందని తెలిసిన రోజే నిజం చెబుదామని తాను అన్న మాట కూడా గుర్తు చేసింది.

ఆమె అలా అన్న మాట నిజమే. మూడు వారాల క్రితం అక్క మా ఇంటికి వచ్చి, భూలక్ష్మి చకచకా మెట్లు దిగడం చూసి, తానూ అదే మొక్కు పట్టానని చెప్పింది. నాలుగు రోజులకు మానేస్తుందిలే అనుకున్నాను. మనుషుల ఆకలి మీద ఇన్నేళ్లు బతికినవాడిని, ఆ అంచనా తప్పుతుందనుకోలేదు. షుగర్ గోళీలు మాత్రం వేసుకుంటూ గుప్పెడు మెతుకుల మీదే ఉంటుందని అసలే అనుకోలేదు.

"మొక్కు నిన్ననే దిగిందని చెప్తం," అన్నాను. "భూలక్ష్మి దిగింది గాబట్టి నువ్వు గూడ దిగు అక్కా అని చెప్తం. అక్క తింటది. ఎవరి ఇజ్జత్ పోదు."

వందన నా మొహం చూసి తల తిప్పుకుంది.

భూలక్ష్మి గిన్నె కింద పెట్టింది. అంతసేపటికి మొదటిసారి మాట్లాడింది. "చెప్పేది నువ్వా, నేనా?"

"నేను చెప్త. నువ్వు ఊ అను, చాలు."

"నాలుగు నెలల సంది ఊ అంటనే ఉన్న," అంది.

దుకాణం వందన చూసుకుంటానంది. క్యారియర్లు తిప్పే మారుతి వ్యాన్‌లో మేమిద్దరం బయలుదేరాం. యూసుఫ్‌గూడ దాటేదాకా ఏం చెప్పాలో చెబుతూనే ఉన్నాను. ఏ పూట దిగింది, ఇంట్లో దీపం ఎవరు పెట్టారు, కొబ్బరికాయ ఎవరు కొట్టారు. అక్క గుచ్చి గుచ్చి అడుగుతుంది, తడబడకూడదు. తిన్నాక అరగంట గడిచినట్టుంది, భూలక్ష్మి సీసాలో నీళ్లు ఒక్కో గుక్క తాగుతోంది. వినిపించుకుందో లేదో తెలియలేదు.

మెట్రో స్తంభాల కోసం తవ్విన రోడ్డు మీద బండి ఆగిపోయింది. ముందు లారీ, వెనక బస్సు.

"వదినెకు ఏమన్న అయితే," అంది భూలక్ష్మి, రోడ్డు వైపే చూస్తూ, "ఏడ్సేటప్పుడు గూడ దాసుకోవాల్నా?"

నేను హారన్ కొట్టాను. కదిలే చోటు లేదని తెలిసే కొట్టాను.

అక్క వార్డులో చివరి మంచం మీద ఉంది. చేతికి సూది, పైన గ్లూకోజు సీసా. అరవై ఏళ్ల మనిషి, మూడు వారాల్లో డెబ్బై ఏళ్ల దానిలా అయిపోయింది. రామకృష్ణ స్టూల్ మీద క్యారియర్ గిన్నెలు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. అన్నం, ముద్దపప్పు, పెరుగు. అన్నంలో గుప్పెడు తప్ప ఏదీ ముట్టినట్టు లేదు.

భూలక్ష్మిని చూడగానే అక్క లేచి కూర్చోబోయింది. సూది లేని చేయి గుండెకు ఆనించుకుంది. పెళ్లి అయినప్పటి నుంచీ నా భార్యలో వంకలు వెతకని రోజు లేని అక్క, ఆమెను గుడి నుంచి వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది.

నేను అనుకున్నది అనుకున్నట్టు చెప్పేశాను. భూలక్ష్మి మొక్కు నిన్న సాయంత్రం దిగింది. మల్లన్న చాలన్నాడు. ఇక నువ్వు కూడా దిగి అన్నం తినాలి, డాక్టర్ కోప్పడుతున్నాడు.

"దిగిందా?" అక్క భూలక్ష్మిని అడిగింది.

భూలక్ష్మి తల ఊపింది.

అక్క, నన్ను పిలవకుండానా అంది. ఆ మాటలో కోపం లేదు, బాధ ఉంది. అప్పుడు నాకు గుర్తుకొచ్చింది. మా ఇళ్లలో మొక్కు దింపడానికి ఒక పద్ధతి ఉంది. ముందు పట్టినవారు కంచం నిండా వడ్డించుకుని, మెతుకు మిగల్చకుండా తిని, ఆఖరి ముద్దను, మొక్కు తర్వాత పట్టినవారి నోట్లో పెట్టాలి. ఆ ముద్దతోనే వీళ్లది దిగుతుంది. మా అమ్మ చేసింది, మా అమ్మమ్మ చేసింది. అరవై రకాల కూరల కొలతలు తప్పనివాడిని, పుట్టినప్పటి నుంచి చూసిన ఈ ఒక్కటి మరిచాను.

"రామకృష్ణా, మీ అత్తకు కంచం పెట్టు," అంది అక్క. "మొత్తం పెట్టు. ఆమె తిని ఆఖరి ముద్ద నా నోట్ల పెడ్తది. గప్పుడు నేను నువ్వు ఎంత పెడ్తే అంత తింట."

వాడి మొహం వెలిగిపోయింది. మూడు రోజులుగా తల్లిని బతిమాలి బతిమాలి అలిసిపోయిన పిల్లవాడు. గబగబా కంచం తుడిచి అన్నం పెట్టాడు. నేను చాలు చాలంటున్నా వినకుండా ఇంకో గరిటెడు వేశాడు.

కంచం చూశాను. పన్నెండు ముద్దలు. భూలక్ష్మి కడుపులో పట్టేది మెత్తటి తిండి అయితే అయిదు, ఆరు. అన్నమైతే అంత కూడా పట్టదు, లోపల ఉబ్బుతుంది. ఇంట్లో తిన్న పెసరపప్పుకు గంటన్నర కూడా కాలేదు.

ఆమె నా వైపు చూడలేదు. మంచం అంచున కూర్చుని పప్పు కలిపింది. మొదటి ముద్ద పెట్టుకుని నమలసాగింది.

"ఏందే, రాయి నములుతున్నవా?" అంది అక్క. వారం రోజుల్లో మొదటిసారి నవ్విందట, రామకృష్ణ తర్వాత చెప్పాడు.

రెండు. మూడు. పక్క మంచం ఆవిడ కూడా ఇటు తిరిగి చూస్తోంది. నాలుగో ముద్దకు భూలక్ష్మి ముక్కు కారింది, కొంగుతో తుడుచుకుంది. ఆమెకు నిండిందనడానికి అది మొదటి గుర్తు. అయిదో ముద్దకు ఎక్కిళ్లు మొదలయ్యాయి. అది రెండోది.

అక్క నీళ్ల గ్లాసు అందించింది. తాగమంది.

నేను నోరు తెరిచి, మొక్కులో నీళ్లు తాగదక్కా అనబోయాను. ఆగిపోయాను. మొక్కు దిగిందని చెప్పింది నేనే. నాలుగు నెలలుగా ప్రతి పీటకూ ప్రతి గ్లాసుకూ అడ్డం వేసిన మాట ఇప్పుడు నా దగ్గర లేదు.

భూలక్ష్మి గ్లాసు పక్కన పెట్టింది. ఆరో ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగలేదు. నుదుటి మీద చెమట, కళ్లలో నీళ్లు. ఒక చేయి రొమ్ము కింద గట్టిగా నొక్కుకుంది. రామకృష్ణ భయపడి లేచాడు. ఆమె వాడిని ఆగమని చేయి చూపి, మూల ఉన్న బేసిన్ దగ్గరకు వెళ్లింది. ఆ శబ్దం వార్డంతా విన్నది.

తిరిగి వచ్చి అక్క పక్కనే కూర్చుంది. మొహం కడుక్కున్న నీళ్లు మెడ మీదికి కారుతున్నాయి.

"మొక్కు లేదు వదినె," అంది.

నేను భూలక్ష్మీ అన్నాను. ఆమె ఆగలేదు.

"మొక్కు ఎన్నడూ లేదు. కడుపు కోయించుకున్న. ముప్పావు వంతు తీసేసిన్రు. గుప్పెడు కన్న ఎక్కువ పట్టది నాకు, దేవునికి దానికి సంబంధం లేదు." అక్క చేయి తీసుకుని చీర మీదుగా తన కడుపుకు ఆనించింది. "గీడ ఒకటి, గీడ ఒకటి. అయిదు కోతలు. నీ షుగర్ గోళీలు తిండి తింటేనే వేసుకోవాలె. నన్ను చూసి ఆకలితో ఉండకు."

అక్క చేయి అక్కడే ఉంది. ఎంతసేపో. భూలక్ష్మికి ఎక్కిళ్లు వస్తూనే ఉన్నాయి, ఒక్కో ఎక్కిలికి ఆ చేయి కూడా కదులుతోంది.

తర్వాత చేయి వెనక్కి తీసుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"నాకెందుకు చెప్పలే?"

"షేక్‌పేట పెండ్లిల నువ్వు నవ్వినవు," అంది భూలక్ష్మి.

అక్క నా వైపు తిరిగింది. "మల్లన్న పేరు పెట్టింది ఎవరు తమ్మీ?"

"నేనే," అన్నాను.

రామకృష్ణ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. ఇప్పుడన్నా తినమ్మా అని తల్లి దగ్గరికి ముద్ద తీసుకుపోయాడు. ఆమె పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. నిజం చెప్పాం కదా, ఇంకా ఎందుకని అడిగాను.

అక్క పైన సీసా నుంచి పడుతున్న చుక్కలు చూస్తూ చెప్పింది. తాను మొక్కు పట్టి ఊరుకోలేదు. రహమత్ నగర్‌లో తన గల్లీ అంతా తిరిగి భూలక్ష్మి సంగతి చెప్పింది. మా మరదలి మోకాళ్లు మల్లన్న బాగు చేశాడని, కళ్లారా చూశానని చెప్పింది. ఆమె మాట మీద ఏడుగురు పట్టారు. గుండె జబ్బున్న లక్ష్మయ్య ఒకడు.

"ఇంకోతి మా పైన కిరాయికి ఉన్న మనోజ," అంది. "దానికి నాలుగో నెల. రెండుసార్లు కడుపు పోయింది. ఈసారన్న నిలవాలని పట్టింది. నేనే పట్టించిన."

రామకృష్ణ చేతిలో ముద్దను తిరిగి కంచంలో పెట్టేశాడు.

"వాళ్లు తినేదాక నేను తినను," అంది అక్క. "మొక్కు కాదు తమ్మీ ఇది. నాకు మింగుడు పడది."

నర్సు వచ్చి వేలు గుచ్చి రక్తం చూసింది. ఇంకా తక్కువే ఉందని, సీసా మీదే ఎన్నాళ్లు ఉంచుతామని రామకృష్ణను కోప్పడింది. నాలుగింటికి మళ్లీ చూస్తానని వెళ్లింది. అప్పుడు రెండున్నర.

నేను లెక్క వేశాను. ఎర్రగడ్డ నుంచి రహమత్ నగర్‌కు పావుగంట. ఏడు ఇళ్లు. ఫోన్లు చేస్తే చాలు, రామకృష్ణ దగ్గర నంబర్లు ఉంటాయి. లేదా అక్క మొక్కు దింపుకుంది, మీరూ దింపుకోండని చెప్పిస్తే సరి. ఆ మాట పైకి అన్నాను కూడా.

భూలక్ష్మి అప్పటికే చెప్పులు వేసుకుంది.

"ఇంకో అబద్ధం నేను ఎక్కడ పెట్టుకోవాలె?" అంది. "నడువు. ప్రతి ఇంట్ల నువ్వే చెప్పాలె. నేను పక్కన నిలబడ్త."

దుకాణం ఏమవుతుందో ఆలోచించావా అన్నాను. ఏడు ఇళ్లలో చెబితే రేపటికి ఫిల్మ్‌నగర్ దాకా వస్తుందన్నాను. ఆమె వినలేదు. మెట్లు దిగిపోతోంది. ఒకప్పుడు రెండు మెట్లకోసారి ఆగే మనిషి, నేను అందుకోలేకపోయాను.

మొదటి ఇల్లు అక్కదే. పక్క నుంచి ఇనుప మెట్లు ఎక్కి పైకి వెళ్లాం. తలుపు తీసిన పిల్లకు ఇరవై రెండేళ్లకన్నా ఉండవు. మొహంలో రక్తం లేదు. మా దుకాణం బోర్డు మీద ఫొటో చూసి ఉంటుంది, భూలక్ష్మిని గుర్తుపట్టి వంగి కాళ్లకు దండం పెట్టబోయింది. నా భార్య ఆమె భుజాలు పట్టుకుని ఆపింది.

"పెద్దమ్మా, మా ఇంటికొచ్చినవా," అంది మనోజ. "గుప్పెడు గూడ ఎక్కువనిపిస్తుంది నాకు. రెండు రోజుల సంది సగమే తింటున్న. మల్లన్న ఇంకింత మెచ్చుతడని."

భూలక్ష్మి ఎక్కిళ్లు ఆపుకుంటూ పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది.

మనోజ గోడ పట్టుకుని వంగి చాప పరిచింది. లేవడానికి రెండోసారి ప్రయత్నించాల్సి వచ్చింది.

"కూసో బాపూ," అంది నాతో. "ఏం పని మీద వచ్చిన్రు?"

నేను కూర్చోలేదు. చెప్పులు విప్పకుండా గడప దగ్గరే నిలబడ్డాను.